కౌంటరక్క ఆడిన ఐదో ఆట

బస్సు డిపోలో టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఆవిడని అందరూ కౌంటరక్క అనేవారు. డ్రైవర్లూ, కండక్టర్లూ, రోజూ వచ్చిపోయే ప్రయాణికులూ సరే, ఇంట్లో అత్తగారు కూడా కోపం వచ్చినప్పుడు అదే పేరుతో పిలిచేది. "ఏమ్మా కౌంటరక్కా, ఇంటికి టికెట్ ఇప్పటికి దొరికిందా?" అని.

ఆలస్యానికి కారణం షటిల్ ఆట. డిపో వెనక పాత టైర్లు పడేసే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, నేల మీద సున్నంతో గీతలు గీసి, నెట్ కట్టి ఆటస్థలంగా మార్చింది ఆవిడ భర్త. అదే డిపోలో మెకానిక్ ఆయన. పెళ్లయిన కొత్తలో సరదాకి రాకెట్ చేతికిస్తే, ఏడాది తిరిగేసరికి ఆవిడ గురువుని మించిపోయింది. ఇద్దరూ జంటగా మిక్స్‌డ్ డబుల్స్ ఆడేవారు. ఆవిడ నెట్ దగ్గర, ఆయన వెనక. చుట్టుపక్కల ఎక్కడ పోటీ జరిగినా ఆ జంట పేరు వినగానే ఎదుటివాళ్లు మొహాలు చూసుకునేవారు.

ఒక సాయంత్రం సాధన కోసం ఇద్దరూ నెట్‌కి చెరోవైపు నిలబడ్డారు. ఆయన గాల్లోకి ఎగిరి బలమంతా పెట్టి కొట్టాడు. సరిగ్గా అప్పుడే షెడ్డు గుమ్మంలోంచి ఎవరో పిలిచారు. ఆవిడ రాకెట్ దించి అటు తిరగబోయింది. షటిల్ తిన్నగా వచ్చి కుడి కంట్లో తగిలింది.

నొప్పి కంటే ముందు చీకటి వచ్చింది. తర్వాత ఎరుపు. కంట్లో రక్తం చేరిందని, తల ఎత్తులో పెట్టుకుని కదలకుండా పడుకోవాలని చెప్పింది డాక్టరమ్మ. కంటికి కట్టుతో, గోడవైపు తిరగడానికి కూడా భయపడుతూ ఆవిడ వారాల తరబడి అలాగే పడుకుంది. రెండో కన్ను మూసినప్పుడల్లా ఇక ఇంతేనేమో, ఇలాగే ఉండిపోతుందేమో అని గుండె జారిపోయేది. అదృష్టం బాగుండి చూపు తిరిగొచ్చింది.

"ఈసారి గండం గడిచింది. మళ్లీ అదే కంటికి దెబ్బ తగిలితే మాత్రం నేను మాటివ్వలేను" అంది డాక్టరమ్మ.

ఆ రోజు నుంచి భర్త రాకెట్ ముట్టలేదు. ఆవిడ మాత్రం ఏడాది దాటాక, ఉండబట్టలేక మళ్లీ షెడ్డుకి వెళ్లింది. కళ్లకి రక్షణ అద్దాలు బిగించుకుని ఆడవాళ్ల డబుల్స్ ఒక్కటే ఆడేది. మగవాడు ఎగిరి కొట్టే షటిల్‌కి ఎదురు నిలబడమంటే చచ్చినా ఒప్పుకునేది కాదు. భయం మనసులోంచి ఒంట్లోకి దిగిపోయింది. పెనం మీద నూనె చిట్లినా, గాలికి తలుపు ధడాలున పడినా చెయ్యి దానంతటదే మొహానికి అడ్డం వెళ్లేది. కౌంటర్ కిటికీలోంచి ఎవరైనా చటుక్కున చెయ్యి లోపలికి పెడితే కుర్చీతో సహా వెనక్కి జరిగేది. "డబ్బులిస్తుంటే పారిపోతావేంటక్కా!" అని నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేసేది. అరచేతులకి పట్టిన చెమట మాత్రం చీర కొంగుకే తెలుసు.

అలాంటి సమయంలో ప్రాంతీయ క్రీడలు వచ్చాయి. పరుగులు, ఈత, కుస్తీ, ఇంకా ఏవేవో పోటీలు. వాటిలో షటిల్ జట్ల పోటీ కూడా ఉంది. ఆడా మగా కలిసిన జట్టు. రెండు జట్లు తలపడితే ఐదు ఆటలు. సింగిల్స్ రెండు, డబుల్స్ రెండు, ఆఖరిది మిక్స్‌డ్. మూడు గెలిచినవాళ్లు ముందుకు వెళతారు. జట్టుని నడిపే రిటైరైన డ్రిల్లు మాస్టారు స్వయంగా కౌంటర్ దగ్గరికి వచ్చి, వరసలో నిలబడి, జట్టులోకి రమ్మని అడిగాడు.

"మిక్స్‌డ్ ఆడమంటే మాత్రం రాను మాస్టారూ" అంది ఆవిడ.

"ఆడమనను. దానికి మన ఆస్పత్రి నర్సు ఉందిగా. నువ్వు ఆమెతో ఆడవాళ్ల డబుల్స్ ఆడు చాలు."

అత్తగారు వినగానే నెత్తి కొట్టుకుంది. "ఈ ఈకల బంతి పిచ్చికి ఒక కన్ను పోగొట్టుకునే దాకా వెళ్లొచ్చావు. ఇంకోదాని మీద ఎందుకమ్మా నీకంత కక్ష?" భర్త సెలవు పెట్టి తోడు వెళ్లాడు.

మొదటి పోటీలు బాగానే గడిచాయి. జట్టు సెమీఫైనల్‌కి వచ్చింది. అవతలి జట్టులో ఒక పొడవాటి మనిషి ఉన్నాడు. అతను ఎగిరి కొడితే షటిల్ కిందికి దిగడం కనిపించేది కాదు, నేలకి తగిలిన చప్పుడే వినిపించేది. మనవాళ్లు అతనికి తాటిచెట్టు అని పేరు పెట్టారు. అతను మిక్స్‌డ్ ఆడతాడని తెలిసినప్పుడు కౌంటరక్క నర్సు వైపు జాలిగా చూసింది. ఆ క్షణంలో తనకి కలిగిన ఊరటకి తనే సిగ్గుపడింది.

నాలుగో ఆట ఆడవాళ్ల డబుల్స్. ఇద్దరూ గెలుపు అంచుకి వచ్చారు. వెనక మూలకి పరిగెత్తిన నర్సు కాలు మడతపడి కూలబడింది. చీలమండ చూస్తుండగానే బన్నులా పొంగింది. ఆట వదులుకోవలసి వచ్చింది. దాంతో రెండూ రెండూ సమానం. మిగిలింది ఐదో ఆట.

మాస్టారు కౌంటరక్కని పక్కనున్న వరండాలోకి తీసుకెళ్లాడు.

"నర్సు బదులు ఇంకొకరిని దింపడానికి రెఫరీ ఒప్పుకున్నాడమ్మా. మనకి ఉన్నది ఇద్దరే. నువ్వు, ఆ సింగిల్స్ పిల్ల" అన్నాడు.

"నేను చెయ్యలేను మాస్టారూ. మీకు ముందే చెప్పాను."

"చెప్పావు. మాట తప్పి అడగడం లేదు. వద్దంటే ఆ పిల్లనే దింపుతాను."

ఆవిడ తలుపులోంచి లోపలికి చూసింది. సింగిల్స్ ఆడే పిల్లకి పదహారేళ్లు. మిక్స్‌డ్ ఎన్నడూ ఆడలేదు. బెంచీ మీద కూర్చుని, పిలుస్తారేమోనని బూట్ల తాళ్లు గట్టిగా బిగించుకుంటోంది. కళ్లకి అద్దాలు లేవు. మొహంలో భయమన్న మాటే లేదు. నెట్ దగ్గర రాకెట్ కిందికి వేలాడేసి నిలబడటం ఆ పిల్లకి అలవాటు. సింగిల్స్‌లో చెల్లిపోయేది.

కౌంటరక్కకి ఆ పిల్ల కుడి కన్ను కనబడింది. ఇంకేమీ కనబడలేదు.

"నేనే వెళతాను" అంది.

జోడీగా ఆడేది కరెంటు లైన్‌మన్. మితభాషి. "పదక్కా" అన్నాడంతే. కోర్టులోకి వెళుతూ ఆవిడ పైన వరసల్లో భర్త కోసం వెతికింది. ఆయన ముందుకు వంగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఉన్నాడు.

మూడు గేముల్లో రెండు గెలిస్తే ఆట వాళ్లది. మొదటి గేమ్ గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అద్దాలకి ఆవిరి పట్టింది. తాటిచెట్టు చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆవిడ కళ్లు మూసుకుపోయాయి. నెట్ దగ్గర ఉండవలసిన మనిషి ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ పోయింది. అవతలివాళ్లు అది చూడకపోతారా? ప్రతి షటిలూ ఆవిడ మీదికే పంపారు. గేమ్ చిటికెలో పోయింది.

విరామంలో ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుంది.

"అక్కా, ఇందాక నా కాలి మీద నిలబడ్డావు" అన్నాడు లైన్‌మన్.

"నాకు భయంగా ఉంది తమ్ముడూ. ధైర్యం మాత్రం చెప్పకు, ఎక్కదు."

"నేనెందుకు చెబుతాను? స్తంభం ఎక్కిన ప్రతిసారీ నాకూ కాళ్లు వణుకుతాయి. ఎక్కడం మానలేదు, వణకడమూ మానలేదు." నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "ఒక్క పని చేద్దాం. షటిల్ పైకి ఎత్తొద్దు. మనం ఎత్తితేనే కదా అతను కొట్టేది. నేనూ ఎత్తను, నువ్వూ ఎత్తకు. రాకెట్ మొహం ముందు పెట్టుకో. ఏం జరిగినా దించకు."

దించమన్నా దించే స్థితిలో లేదు ఆవిడ. రెండో గేమ్‌లో రాకెట్‌ని డాలులా మొహానికి అడ్డం పెట్టుకుని నెట్ దగ్గర నిలబడింది. విచిత్రం, అక్కడికి వచ్చిన షటిళ్లు ఆ రాకెట్‌కి తగిలి అవతల పడటం మొదలైంది. ఎన్నో ఏళ్ల ఆట చేతుల్లో దాక్కుని ఉంది. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే లోపల గుండె మాత్రం ఇంజను చెడిన బస్సులా కొట్టుకుంటూనే ఉంది. గేమ్ వీళ్లదైంది. ఆవిడకి సంతోషం కలగలేదు. ఇంకో గేమ్ ఆడాలే అని ఏడుపొచ్చింది.

మూడో గేమ్ సగంలో లైన్‌మన్ చేతిలోంచి ఒక షటిల్ తప్పి పైకి లేచింది. తాటిచెట్టు ఎగిరాడు. చప్పుడు. ఆవిడ మెడ కింద, భుజం ఎముక మీద కొరడాతో కొట్టినట్టు చురుక్కుమంది. షటిల్ కాళ్ల దగ్గర పడింది. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది.

ఆవిడ చెయ్యి ముందు కంటి మీదికి వెళ్లింది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసింది. దీపాలు కనిపించాయి. గీతలు కనిపించాయి. నెట్‌కి అవతల తాటిచెట్టు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. "గట్టిగా తగిలిందా అండీ? క్షమించండి" అన్నాడు. పాపం, నిజంగానే అన్నాడు.

పైకి చూస్తే భర్త కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

అంపైర్ ఆడగలవా అని అడిగాడు. లేదనాలని నోటి దాకా వచ్చింది. బెంచీ మీద పదహారేళ్ల పిల్ల గోళ్లు కొరుకుతూ చూస్తోంది. ఇప్పుడు ఆ పిల్ల మొహంలోనూ భయం ఉంది. కౌంటరక్క తలూపి తన చోటుకి వెళ్లింది.

అక్కడి నుంచి ఒక పాయింటు వీళ్లది, ఒకటి వాళ్లది. చివరికి ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు అన్న చోటికి వీళ్లు వచ్చారు. కోర్టు మధ్యలో ఉన్న ఆవిడ వైపు తాటిచెట్టు షటిల్‌ని బల్లపరుపుగా, శక్తికొద్దీ బాదాడు. అది తిన్నగా మొహం ఎత్తులో వస్తోంది. అప్పటిదాకా దించని రాకెట్‌ని మరచిపోయి ఆవిడ తల రెండు చేతుల్లో దాచుకుని చతికిలబడిపోయింది.

షటిల్ తల మీదుగా గాలి కోసుకుంటూ పోయింది. వెనక గీత దాటి పడింది.

లైన్ జడ్జి రెండు చేతులూ చాపాడు. అవుట్.

ముందు లైన్‌మన్ అరుపు వినిపించింది. తర్వాత ఎవరెవరో వచ్చి ఆవిడని లేపారు. నర్సు ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి వాటేసుకుంది. మాస్టారు కళ్లు తుడుచుకుంటూ, "ఆ ఒత్తిడిలో అవుటయ్యే షటిల్‌ని ఎంత కచ్చితంగా వదిలేశావమ్మా! అనుభవం అంటే అదీ!" అన్నాడు.

"వదిలెయ్యలేదు మాస్టారూ. భయపడి కూర్చుండిపోయాను."

మాస్టారు ఒక్క క్షణం తెల్లబోయి, పగలబడి నవ్వాడు. "ఈ మాట ఇంకెక్కడా అనకు తల్లీ."

భర్త బయట బండ్లు నిలిపే చోట, ఎవరిదో స్కూటర్‌కి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"కంటికా?" అన్నాడు.

"కాదండీ. ఇక్కడ." కాలరు పక్కకి లాగి చూపించింది. ఎర్రగా గుండ్రంగా అచ్చు పడి ఉంది.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. కన్ను పోబోయిన రోజుల్లో కూడా ఆయన అలా ఏడవడం ఆవిడ చూడలేదు. పక్కన కూలబడి, ఏం చెయ్యాలో తోచక, వీపు నిమిరింది.

"మీరు కావాలని కొట్టారా ఏంటి? నేను పక్కకి తిరిగాను, తగిలింది" అంది.

"ఆ మాట అప్పుడే ఎందుకనలేదు నువ్వు?"

"మీరు అడగందే నేనెలా అంటాను?"

కాసేపయ్యాక ఆయన ముక్కు చీదుకుని, "ఇంతకీ ఎవరు గెలిచారు?" అన్నాడు.

ఫైనల్లో జట్టు మొదటి మూడు ఆటలూ ఓడిపోయింది. మిక్స్‌డ్ దాకా రాలేదు. మిగతావాళ్లు దిగాలుగా కూర్చుంటే, కౌంటరక్క మాత్రం లోలోపల బతికిపోయానురా దేవుడా అనుకుంది. రెండో స్థానం పతకం మెడలో వేసినప్పుడు అది భుజం ఎముక మీద దెబ్బకి తగిలి నొప్పెట్టింది.

ఆవిడ భయం పోలేదు. ఇప్పటికీ తలుపు ధడాలుమంటే చెయ్యి మొహం మీదికే వెళుతుంది. మిక్స్‌డ్ మళ్లీ ఆడలేదు, ఆడనని ఎవరికీ మొహమాటం లేకుండా చెబుతుంది. కాకపోతే క్రీడల నుంచి వచ్చిన మర్నాడే కళ్లద్దాల దుకాణానికి వెళ్లి, పదహారేళ్ల పిల్లకి ఆటలో పెట్టుకునే అద్దాలు తెచ్చింది.

పిల్ల పెట్టుకుని అద్దంలో చూసుకుని మొహం ముడుచుకుంది. "అక్కా, వెల్డింగ్ పని చేసేవాళ్లలా ఉన్నాను."

"ఉండు. పట్టీ ఇంకొంచెం బిగించనీ" అంది కౌంటరక్క.