మొదటి వాక్యం దగ్గరే చించిన కార్డు

పెరియకుళం మామిడి మండీలో పెట్టెలకు లేబుళ్లు అంటించే మైదా బంక వాసన తగిలితే నాకు ఇప్పటికీ మా ఊరి పోస్టాఫీసే గుర్తొస్తుంది. పోస్టాఫీసంటే మరీ ఊహించుకోవద్దు. రంగసామి మామ ఇంటి తిన్నె, ఒక బల్ల, కొబ్బరి చిప్పలో బంక, గోడకు ఎర్ర డబ్బా, ఎదురుగా పిల్లకాలువ, అంతే. మామిడికాయల కాలంలో ఉప్పూకారం అద్దిన ముక్కలు నములుతూ మేం ఆ తిన్నెమీద అచ్చనగాయలు ఆడుతుంటే, మామ ముద్ర కొట్టే చప్పుడు మా ఆటకు తాళం వేసేది. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివే జనం మేము. పెద్దవాళ్లకు ఆ చదువూ లేదు గనుక ఊరి ఉత్తరాలన్నీ మామే గట్టిగా చదివేవాడు. మా ఊళ్లో రహస్యాలు పెద్దగా ఉండేవి కావు.

మా వైపు చావు కబురు తెచ్చిన కార్డును గడప దాటనివ్వరు. దాని మూలకు నల్ల సిరా పూసి ఉంటుంది. చదివిన చోటే చించి నీళ్లలో వేసి, కాళ్లు కడుక్కుని ఇంటికి పోవాలి. ఈ పనిలో మామ చేతివేగానికి మంచి పేరుండేది.

నేను మూడో తరగతిలో ఉండగా అవినాశి నుంచి అలాంటి కార్డు వచ్చింది. పంపింది మా అవ్వ చిన్నకూతురు, మా అత్త. ఆమె మొగుడు అక్కడ బనియన్ల కంపెనీలో పనిచేసేవాడు. మామ మొదటి వాక్యం చదివాడు: ఆ మొగుడు పోయాడు. అవ్వ గుండె బాదుకుంటుండగానే కార్డు నాలుగు ముక్కలై కాలువలో పడింది.

ఏడుస్తూనే అవ్వ అడిగింది. "కింద ఇంకా ఏమో రాసుండె గదప్పా, ఏమిది?"

మామ కాలువకేసి చూశాడు. "ఇల్లు ఇడిసి పోతాండా, వచ్చి పిల్చుకోని పోండి అని... పోయే చోటి విలాసం ఉండెక్కా. సరిగా సూడలే."

"సూడకనే చించితివా, పాపాత్ముడా!"

అవ్వ చీరతోనే కాలువలోకి దిగింది. నేనూ దిగాను. ఒక ముక్క దొరికింది. దానిమీద నల్లటి మూల తప్ప ఏమీ లేదు.

తాత వెళ్లేసరికి అవినాశి ఇంటికి తాళం. పక్కింటివాళ్లకు ఏమీ తెలియదు. అత్త మళ్లీ రాయలేదు. ఎందుకు రాస్తుంది? ఆమెకు తెలిసినంతలో మేం చదివాం, రాలేదు.

అప్పటినుంచి అవ్వ వారానికో కార్డు ఆ అవినాశి ఇంటి చిరునామాకే రాయించేది. మామ రాసిపెట్టేవాడు, అది తిరిగొచ్చేది, ఆయనే మళ్లీ చదివి వినిపించేవాడు, చివరి అక్షరం దాకా. ఉత్తరాలు లేవు, ఆఫీసు మూసేస్తామని పైవాళ్లు అన్నప్పుడల్లా అవ్వ కార్డులే అడ్డుపడేవి. ఒక ముసలమ్మ ఒంటిచేత్తో సర్కారు ఆఫీసును అన్నేళ్లు నడపడం చిన్న విషయమేం కాదు. అవ్వ పోయిన కొన్ని నెలలకు అదీ పోయింది.

ఇప్పుడు ఆ తిన్నె లేదు, ఫోన్ రీచార్జి కొట్టుంది. కాలువమీద సిమెంటు పరిచారు. చావు కబుర్లు ఫోన్లోకే వస్తున్నాయి. "సదివినావు గదా, డిలీట్ చెయ్" అంటాడు మా ఆయన. చేస్తాను, ఆచారం ఆచారమే. కాకపోతే చేసేముందు చివరిదాకా చదువుతాను, ఒక్కోసారి రెండుసార్లు. వచ్చి పిలుచుకుపొమ్మని ఇంతవరకూ ఎవరూ రాయలేదు.