కంట్లో పువ్వు

నాకు ఇంట్లో కాలు నిలవదని మా అమ్మ అందరికీ ధీమాగా చెబుతుంది. ఈ సాయంత్రం ఆటోనగర్ వెనక, కాలువగట్టు మీంచి ఖాళీ చేయిస్తే వచ్చి పడ్డవాళ్ల గుడిసెలకు వెళ్లాను. నేను అందించిన బిస్కెట్ కోసం ఓ నాలుగేళ్ల పిల్ల దాని పక్కన గాలిలో తడుముకుంది.

"పొద్దుగూకితే ఇంతేనండీ, ఒట్టి పిరికిది. గుమ్మం దిగదు," అని వాళ్లమ్మ అంతే ధీమాగా నవ్వింది.

"కంట్లో ఆ తెలుపేంటమ్మా?"

"పువ్వు లేస్తందండీ. ఆకుపసరు పోస్తన్నా, రాలిపోద్ది."

ఆ పువ్వు రాలదు, చూపే పోతుంది. అది పిరికితనం కాదు, రేచీకటి. తిరిగొస్తుంటే పక్క గుడిసెలో ఇంకో పిల్లాడు తడిక పట్టుకుని నడుస్తున్నాడు. మీ ఇళ్లలోనూ పిరికిపిల్లలుంటే సందెవేళ ఒకసారి గమనించండి.

రేపు పొద్దున నాకు పెళ్లిచూపులట. ఆ టైముకి నేను ఈ ఇద్దరితో కంటి ఆసుపత్రిలో ఉంటాను.