హెచ్చరిక చివర ఒక మాట

రేడియోలో నిశ్శబ్దమంటే నాకు ఒళ్లు మండుతుంది. పాటకూ పాటకూ మధ్య క్షణం ఖాళీ వచ్చినా కంప్యూటరును మనిషిని తిట్టినట్టు తిడతాను. నంద్యాలలో మాది చిన్న స్టేషను. ఆళ్లగడ్డలో ఇంకో ట్రాన్స్‌మిటరు, దానికి సొంత కంప్యూటరు ఉన్నాయి. ఏ పాట ఎప్పుడు పోవాలో, ఏ ప్రకటన ఎప్పుడు రావాలో ఆ కంప్యూటర్లే చూసుకుంటాయి. వాటిని చూసుకోవడం నా పని.

గంటగంటకూ టైము చెప్పే గొంతు మా అనౌన్సరుది. ఆళ్లగడ్డ పిల్ల, రోజూ బస్సులో వచ్చి పోయేది. నన్ను అన్నా అని పిలుస్తూనే, నా తిట్లను నా ముందే అనుకరించి అందరినీ నవ్వించేది. నిరుడు జ్వరమని పడుకుంది, మళ్లీ లేవలేదు. గొంతు మాత్రం డ్యూటీ మానలేదు. "సమయం పదకొండు గంటలు" అని వినపడినప్పుడల్లా నేను తలుపు వైపు చూసేవాణ్ని. కొత్తగా చేరినవాళ్లు ఎవరిదీ గొంతని అడిగితే మాట మార్చేవాణ్ని. భయమా అంటే భయమే. తీసేయడానికి చేతులు రాలేదు.

ఈ ఎండాకాలం కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. వరద హెచ్చరిక పైఅధికారుల నుంచి అందగానే, ఆడుతున్న పాటను ఆపి అదే చదివేస్తుందట. దాని మర గొంతును ఒకసారి పలికించి చూశాను. "లోతట్టు ప్రాంతాల ప్రజలు సురక్షిత ప్రదేశాలకు తరలివెళ్లవలసిందిగా" అంటూ అది సాగదీస్తుంటే, వాక్యం పూర్తయ్యేలోపు కుందూ నది నీళ్లు ఇంట్లోకి వచ్చేస్తాయనిపించింది. మా అనౌన్సరు బతికుండగా చదివి రికార్డు చేసిన హెచ్చరిక వేరు. చేతికిచ్చిన కాగితం పక్కన పెట్టి, వాళ్ల నాయన ఇంట్లో ఎలా చెబుతాడో అలాగే చెప్పింది.

"అప్పా, అమ్మా, నీళ్లొస్తాండాయి. గొడ్ల తలుగులు ఇప్పండి. మెట్టకు పోండి."

తరలివెళ్లమంటే మా వాళ్లు ఆలోచిస్తారు. పశువుల కట్టుతాళ్లు విప్పమంటే మాత్రం వెంటనే లేస్తారు. అందుకే ఆ రికార్డింగునే పెట్టాలనుకున్నాను.

అయితే ముందు గడియారాల సంగతి చూడాలి. ప్రతి హెచ్చరికతోనూ అది ఎప్పుడు మొదలవ్వాలో టైము వస్తుంది. కంప్యూటరు గడియారం వెనకబడి ఉంటే, ఇంకా వేళ కాలేదనుకుని ఆ హెచ్చరికను పట్టుకుని కూర్చుంటుంది. అవతల నీళ్లు ఆగవు కదా. ఆళ్లగడ్డ కంప్యూటరు మీద అనుమానం వచ్చి, రెండు చోట్ల ప్రసారాన్నీ ఒకేసారి వింటూ కూర్చున్నాను. నంద్యాలలో ఆమె టైము చెప్పింది. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టాక ఆళ్లగడ్డలో చెప్పింది. ఇక్కడి పని ముగించుకుని, బస్సు దిగి, ఇంటికి చేరి మాట్లాడినట్టే ఉంది.

ఆళ్లగడ్డలో ఆమె నాయన చర్చి గంట కొడతాడు. ఇంటి గడియారాన్ని బిడ్డ గొంతు విని తిప్పుకుంటాడు. ఆదివారం ఆరాధన ఆలస్యమవుతోందని పాస్టరుగారు విసుక్కున్నా, తన గడియారమే సరైనదని ఆయన వాదించాడట. విని నవ్వాను, ఆ వెంటనే నవ్వినందుకు బాధపడ్డాను. ఆళ్లగడ్డ కంప్యూటరు ఇకమీదట నంద్యాల గడియారాన్నే చూసి నడిచేలా మార్చాను.

మరుసటి మధ్యాహ్నం, ఇది పరీక్ష మాత్రమేనని నేనే మైకులో చెప్పి హెచ్చరికను వదిలాను. రెండు ఊళ్లలోనూ ఆమె ఒకేసారి పలికింది. "మెట్టకు పోండి" దగ్గర ఆగాలి. ఆగలేదు. ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడింది. ఆ తర్వాత మెల్లగా, "సాలా, నాయనా?" వెంటనే పాట వచ్చేసింది.

రికార్డింగు రోజు ఆమె నాయన నా పక్కనే కూర్చుని ఉన్నాడు. బిడ్డ మరచిపోయిన అన్నం క్యారియరు తెచ్చి, చదువుతుంటే చూస్తానని ఉండిపోయాడు. చదవడం అయ్యాక, ఇంత చెబితే చాలా అని ఆమె స్టూడియో అద్దంలోంచి ఆయన్ను చూసి అడిగిన మాట అది. దాన్ని నేను చెరిపేయలేదు, ఇంతవరకే ఆడాలని చివర ఒక గుర్తు పెట్టానంతే. కొత్త సాఫ్ట్‌వేరు ఆ గుర్తును లెక్కచేయలేదు.

తెల్లారి మొదటి బస్సుకే ఆయన వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నా బిడ్డ నన్ను అడిగిందప్పా. నేను జవాబు చెప్పేలోపల పాట ఏసినావు."

పొరపాటైందని చెప్పబోతే వినిపించుకోలేదు. ఇంకొక్కసారి వినిపించమన్నాడు. ఆ రోజు కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టి వినిపించాను. అద్దం అవతల గదిలో ఎవరూ లేరు. అయినా ఆయన అటే చూస్తున్నాడు. సాలా నాయనా అని ఆమె అడిగింది. ఈసారి పాట రాకుండా నేను ఆపే మీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

"సాలు తల్లీ. బాగా చెప్పినావు," అన్నాడాయన.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయనే నా భుజం తట్టి, కాసేపటికి లేచి నిలబడ్డాడు.

"ఇంగ ఆ మాట తీసేయప్పా. నీళ్లొచ్చిన పొద్దు అది ఇనపడితే నేను రేడియో కాడనే కూకుంటా. బర్రె తలుగు ఎవరిప్పుతారు?"

ఆయన చూస్తుండగానే, పోండి అనే మాట తర్వాత మళ్లీ గుర్తు పెట్టాను, ఈసారి కొత్త సాఫ్ట్‌వేరు కూడా లెక్కచేసేలా.

వానాకాలంలో హెచ్చరిక నిజంగానే వచ్చింది. ఆయన బర్రెను తోలుకుని మెట్టకు చేరాడని సాయంత్రానికి తెలిసింది. ఆ రోజు ఆమె గొంతు రెండు ఊళ్లలోనూ సరిగ్గా ఒకే వేళకు పలికి, చెప్పిన చోటే ఆగింది. నంద్యాలలో వెంటనే పాట మొదలైంది. ఆళ్లగడ్డలో మొదలుకాలేదు. అక్కడ కొంచెం ఖాళీ నేనే పెట్టాను, ఖాళీ వస్తే మోగే అలారాన్ని కూడా ఆ కాసేపు మోగకుండా చేశాను. తలుగు విప్పుతూ ఒక మనిషి బిడ్డకు జవాబు చెప్పుకోవడానికి ఆ మాత్రం చాలు.