ఇంజనుకు ఊపిరి నేర్పిన మేనత్త

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, రుద్రూర్ దగ్గర మా మేనత్త చెరుకు గానుగ పెట్టుకుంది. దాన్ని తిప్పేది ఒక పాత డీజిల్ ఇంజన్. దాని పొగ ఎంత నల్లగా ఉండేదంటే, చీకటి పడిందనుకొని మధ్యాహ్నమే కోళ్లు గూట్లోకి పోయేవి. నమ్మకపోతే కోళ్లనే అడగండి.

నవ్వులాట పక్కన పెడితే, ఒక ఏడు ఆ మసి ఎగిరొచ్చి కాగుతున్న చెరుకురసంలో పడుతుండేది. నల్లబడ్డ బెల్లాన్ని బోధన్ బజారులో ఎవరూ ముట్టరు. కొట్టిన చెరుకేమో కుప్పగా ఎండకు పడి ఉంది. అత్తకు ఆ ఏటి పంటంతా అదే. బరువుకు ఇంజన్ మూలిగినప్పుడల్లా, దాన్ని నడిపే మా బాపు డీజిల్ ఇంకాస్త వదిలేవాడు. పొగ ఇంకాస్త చిక్కబడేది.

అత్త నన్ను పిలిచింది.

"పోరీ, నేను చప్పట్లు కొట్టినప్పుడే ఊపిరి పీల్చాలె. నడువు."

నడిచాను. హాయిగానే ఉంది.

"ఇగ గీ చెరుకు మోపు ఎత్తుకొని ఉరుకు."

ఉరికాను. ఆమె చప్పట్లు మాత్రం అదే నిదానంతో పడుతున్నాయి. కుప్ప చుట్టూ తిరిగొచ్చేసరికి నా ముఖం వంకాయ రంగుకు వచ్చింది. ఎక్కడో దూరాన ఉన్న నందిపేట్ మీది చుక్కలు కూడా పట్టపగలే కనబడ్డాయి.

"పిల్లను సంపుతవా ఏందే?" అంటూ బాపు పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వు ఇంజన్‌ను సంపుతలేవా అన్నా? బువ్వ మీద బువ్వ పెడుతున్నవు, గాలి ఇస్తలేవు. పైన టకటక సప్పుడు ఇనబడ్తలేదా?"

ఇంజన్ ఆపి, చల్లారాక పైమూత విప్పారు. గాలిని లోపలికి వదిలే వాల్వు దగ్గర సందు పెరిగిపోయింది. అది ఆలస్యంగా తెరుచుకొని, తొందరగా మూసుకుంటోంది. బాపు పానా పట్టి సందు సరిచేశాడు.

"నడకకు ఒక తీరు, ఉరుకుడుకు ఒక తీరు ఊపిరి గావాలె," అంది అత్త. "దీనికి ఒక్క తీరే ఎరుక. జర తక్కువ తక్కువ చెరుకు పెట్టున్రి."

ఆ సాయంత్రానికి పొగ పలచబడింది. బెల్లం పసుపుకొమ్ము రంగులో దిగింది.

ఇప్పుడు వేగాన్ని బట్టి, బరువును బట్టి వాల్వులు తెరిచే వేళను తామే మార్చుకునే డీజిల్ ఇంజన్లు వచ్చాయి. తక్కువ నూనె తాగుతాయి, తక్కువ పొగ వదులుతాయి. వాటిని కనిపెట్టినవాళ్లు మా అత్త దగ్గరే చదువుకున్నారని మా ఇంటి పిల్లలకు చెబుతుంటాను. వాళ్లు నమ్మరు, మంచిదే. నేను మాత్రం, మోయలేని బరువుతో ఎవరైనా మూలుగుతుంటే, ఇంకాస్త గట్టిగా లాగమని అనను. వాళ్లకు ఊపిరి ఎక్కడ అందడం లేదో ముందు చూస్తాను.