గాలి చొరని కవచం

లీకు మేస్త్రీ చేసే పని ఎవరికీ కనబడదు. కనబడిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే లెక్క. ఆఫీసులకూ ఆసుపత్రులకూ పెద్ద దుకాణాలకూ ఏసీ గాలిని మోసుకెళ్ళే రేకు గొట్టాలు చేయడం అతని వృత్తి. వాటిని డక్టులంటారు. ఒక్కోదాన్ని కొలిచి, కోసి, మడిచి, అతికి, పైన వేలాడదీసి అతను నిచ్చెన దిగగానే ఇంకెవరో వచ్చి కింద ఫాల్స్ సీలింగ్ బిగించి మొత్తం కప్పేస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

ఒకసారి ఒక బ్యాంకు ప్రారంభోత్సవానికి పనివాళ్ళనందరినీ పిలిచారు. మేనేజరు పెయింటరుతో చేయి కలిపాడు, అద్దాలు బిగించినవాడితో చేయి కలిపాడు, కుండీల్లో మొక్కలు పెట్టినామెను వేదిక మీదికే పిలిచాడు. మేస్త్రీ దగ్గరికొచ్చి, "నువ్వేం చేశావయ్యా?" అన్నాడు. మేస్త్రీ వేలు పైకెత్తి చూపించాడు. మేనేజరు తలెత్తి చూసి, "ఓ, లైట్లా? బాగున్నాయి" అని ముందుకు సాగిపోయాడు.

అప్పటినుంచి ఏ భవనంలోకి వెళ్ళినా అతను ముందు పైకి చూస్తాడు. మామగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన నిలబడి పైకి చూస్తూ నిట్టూరిస్తే, అల్లుడు తనకోసం దేవుణ్ణి తలచుకుంటున్నాడనుకుని పెద్దాయన కళ్ళు చెమర్చాయి. అల్లుడు తలచుకున్నది అక్కడ గొట్టాలు బిగించిన మేస్త్రీని. అదీ మంచి మాటతో కాదు.

లీకు అన్న పేరు తోటిపనివాళ్ళు పెట్టింది. అతను చేసిన గొట్టంలోంచి గాలి చీమ తలంత సందులోంచి కూడా పోదు. పోతే ఊరుకోడు. పరీక్ష కోసం జేబులో ఎప్పుడూ సిగరెట్ పెట్టె ఉంటుంది. వెలిగించిన సిగరెట్టును గొట్టంలో పెట్టి, రెండు చివరలూ మూసి, పొగ ఏ అతుకులోంచి వస్తుందో చూస్తూ కూర్చుంటాడు. నోట్లో మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. పెళ్ళైన కొత్తలో జేబులో పెట్టె చూసి భార్య మూడు రోజులు మాట్లాడలేదు. ఆమె మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. మనుషులు చెప్పే అబద్ధాలు ఆమెకు కొత్త కాదు. "జాయింట్ల కోసం" అనే అబద్ధం మాత్రం ఆమె అంతకుముందు వినలేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఎనిమిదేళ్ళు. ఒక చోట నిలవదు కాబట్టి ఇంట్లో దాని పేరు పిచ్చుక.

ఆ ఏడు పిచ్చుక బడినుంచి ఒక కాగితం వచ్చింది. "రేపటి లోకపు వీరులు" అనే పోటీ అట. అంతరిక్షంలో, ఇంకో వెయ్యేళ్ళ తర్వాత ఉండబోయే యోధుల వేషం వేసుకుని పిల్లలు వేదిక మీద ఒక్క వాక్యం చెప్పాలి. కింద లావు అక్షరాల్లో ఒక నియమం: కవచం పిల్లలే స్వయంగా చేసుకోవాలి, పెద్దల సహాయం ఉంటే పోటీనుంచి తొలగిస్తాం.

ఈ నియమం చదవగానే తల్లిదండ్రులందరూ పనిలోకి దిగారు. ఫోన్లో తరగతి గ్రూపు మోగిపోయింది. ఫోమ్ షీటు ఎక్కడ దొరుకుతుందని ఒకరు, వెండి రంగు ఎంతసేపటికి ఆరుతుందని ఒకరు, మా పాప స్వయంగా చేస్తోంది గానీ గ్లూ గన్ ఎవరిదగ్గరైనా ఉందా అని ఇంకొకరు. పిచ్చుక తరగతిలోనే చదువుతున్న తన కొడుకు కోసం బావమరిది ఏకంగా కవచాన్నే ఆన్‌లైన్లో తెప్పించేశాడు. ఆ డబ్బా చూపించడానికే ఆదివారం వచ్చాడు.

"చూశావా బావా, గుండె మీద లైట్లు తిరుగుతాయి. మూడు బ్యాటరీలు."

"వాళ్ళే చేసుకోవాలన్నారు కదరా?"

"మావాడే చేశాడు. బటన్ వాడే నొక్కాడు. మీరేం చేస్తున్నారు? నీ దగ్గర గొట్టాలుంటాయిగా, ఒకటి తొడిగేయ్."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. తమ్ముడి ముందు కాఫీ గ్లాసు పెడుతూ భార్య, "తొడిగినా తొడుగుతారు, నువ్వు సలహాలివ్వకురా" అంది.

ఆ మాట వాళ్ళు నవ్వులకే అనుకున్నారు. మేస్త్రీకి మాత్రం అప్పుడే బుర్రలో దీపం వెలిగింది. హాలునిండా జనం ఉంటారు, వేదిక మీద వెలుతురు ఉంటుంది, తను చేసిన వస్తువు దాని మధ్యలో నిలబడుతుంది. దానికింద ఎవడూ సీలింగ్ వేయడు. ఇరవై రెండేళ్ళకు ఒక్కసారి, పని కనబడుతుంది.

"ఏం వేషం కావాలమ్మా నీకు?" అన్నాడు కూతుర్ని.

పిచ్చుక ముందే అన్నీ ఆలోచించి పెట్టుకుంది. "గాలి లేని గ్రహం మీద సైనికురాలు. అక్కడ గాలి మొత్తం నా డ్రెస్సులోనే ఉంటుంది. కొంచెం కూడా బయటికి పోకూడదు. పోతే చచ్చిపోతా."

"కొంచెం కూడా పోదు" అన్నాడు మేస్త్రీ. ఏ కంపెనీ ఇంజనీరూ అతనికి ఇంత స్పష్టంగా పని చెప్పలేదు.

మర్నాడు పిచ్చుకను గోడకు ఆనించి నిలబెట్టి, అంగుళం అంగుళం కొలిచాడు. "కదలకు" అన్నాడు. అది ఎనిమిదేళ్ళలో మొదటిసారి కదలకుండా నిలబడింది. పనిలో మిగిలిపోయిన పల్చటి అల్యూమినియం రేకు ముక్కలు ఏరి తెచ్చాడు. ఛాతీకి ఒకటి, వీపుకు ఒకటి. భుజాలకు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కే పట్టీలు. అంచులన్నీ లోపలికి మడిచి నున్నగా కొట్టాడు, చేయి పెట్టి రుద్దినా గీసుకోదు. వంపు గొట్టాన్ని వాళ్ళ పనిలో ఎల్బో అంటారు. అలాంటివి వేలకొద్దీ చేసినవాడు నిజం మోచేయి కోసం చేసింది అదే మొదలు. పిచ్చుక చేయి ముడిచి, చాచి, "ఎల్బో బాగుంది నాన్నా" అంది. అతను ఎంత పొంగిపోయాడంటే, ఆ రాత్రి అన్నంలో ఉప్పు తక్కువైన సంగతే తెలియలేదు.

నియమం మాత్రం మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. అందుకని రేకుల్ని కలిపి బిగించే రివెట్ గన్ కూతురి చేతికిచ్చి ఒక రివెట్ దానిచేత కొట్టించాడు. "చూడు, నువ్వే చేశావు" అన్నాడు.

"మిగతా నూట నలభై?" అంది భార్య.

"అవీ ఇలాంటివేగా."

హెల్మెట్టుకు ముందు అద్దంలాంటి ప్లాస్టిక్ పలక బిగించాడు. మెడ చుట్టూ రబ్బరు పట్టీ పెట్టి, అతుకులన్నిటికీ సందులు పూడ్చే సీలెంటు పూసి, లోపల సిగరెట్ పెట్టి మూశాడు. పావుగంట కళ్ళప్పగించి చూశాడు. పొగ వెంట్రుకంత కూడా బయటికి రాలేదు. కవచాన్ని తీసుకొచ్చి భార్యకు చూపించాడు.

ఆమె ముక్కు మూసుకుంది. "సైనికురాలు ప్యాకెట్లు ప్యాకెట్లు కాల్చేస్తోందా? సరే గానీ, ఊపిరెలా పీలుస్తుందండీ?"

"రెండు నిమిషాల పనే. ఎక్కి, ఒక మాట చెప్పి, దిగడమే."

"బాత్రూమొస్తే?"

"సైనికురాలికి రాదు."

ఇక్కడే ఇంకో సంగతి జరిగింది. డక్టులకు శుభ్రం చేయడానికి చిన్న తలుపులుంటాయి. వాటి కొక్కేలు బయటివైపే పెడతారు, స్క్రూడ్రైవర్ ఉంటే గానీ తెరుచుకోవు. దారినపోయేవాళ్ళు తెరవకూడదని అలా చేస్తారు. లోపలివైపు ఎవరూ పెట్టరు, గొట్టంలోంచి తలుపు తీసుకుని బయటికొచ్చేవాళ్ళు ఉండరు కాబట్టి. హెల్మెట్ వెనక అతను అవే కొక్కేలు పెట్టాడు. చేతికి అలవాటైన పని. బుర్రను అడగలేదు.

పోటీ రోజు బడి గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి వెతికి స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు.

"ఇది లోపలికి తీసుకెళ్ళకూడదు. ప్రమాదం."

"మా పాప హెల్మెట్ బిగించడానికండీ."

"ఇక్కడే బిగించుకో. వెళ్ళేటప్పుడు టోకెన్ ఇచ్చి తీసుకెళ్ళు."

మేస్త్రీ వెనక జేబులో, చొక్కా కింద, రేకు కోసే పెద్ద కత్తెర ఉంది. అది అతని చూపుకు ఆనలేదు. మేస్త్రీ కూడా అందులో ఉందని మరిచిపోయాడు, మనం చొక్కా గుండీలు ఉన్నాయని మరిచిపోయినట్టు. క్లాసు టీచరు పరుగున వచ్చి, "తొందరగా, చీఫ్ గెస్ట్ వచ్చేశారు, మొదట మీ పాపే" అంది. మేస్త్రీ గేటు దగ్గరే హెల్మెట్ బిగించి, స్క్రూడ్రైవర్ అప్పగించి, టోకెన్ జేబులో వేసుకున్నాడు. టీచరు పిచ్చుకను వేదిక వెనక్కి తీసుకెళ్ళింది.

చీఫ్ గెస్ట్ ఒక పళ్ళ డాక్టరు. కప్పులు ఇచ్చింది ఆయన ఆసుపత్రి కాబట్టి జడ్జీ కూడా ఆయనే. ముందు రెండు మాటలన్నాడు. ఆ రెండు మాటలు సమయపాలన గురించి. పన్నెండు నిమిషాలు పట్టింది. మూడో వరసలో మేస్త్రీ అలవాటుగా పైకి చూశాడు. ఏసీ మూలుగుతోంది గానీ గాలి రావడం లేదు. ఎక్కడో జాయింటు ఊడింది. ఎవడో చేతకానివాడి పని అనుకుని తృప్తిగా నవ్వుకున్నాడు.

తెర పక్కనుంచి పిచ్చుక వచ్చింది. హాలంతా "అబ్బో" అంది. వెలుతురులో రేకు మెరిసింది. పొలుసులు కదిలాయి. మేస్త్రీ గుండె ఒక్కసారి నిండింది. తర్వాత హెల్మెట్ వైపు చూశాడు. ప్లాస్టిక్ పలక తెల్లగా ఉంది. దాని వెనక కూతురి మొహం లేదు, ఆవిరి ఉంది.

పిచ్చుక మైకు కోసం తడుముకుంటూ వచ్చి, మైకుకు రెండడుగుల పక్కగా నిలబడింది. ఏం వినబడలేదు.

"మాట్లాడమ్మా" అన్నాడు డాక్టరు.

రేకు చేతులు ఊగుతున్నాయి. అది మాట్లాడుతూనే ఉంది. గాలే బయటికి రాని చోట మాటెలా వస్తుంది?

మేస్త్రీ జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కాడు. హెల్మెట్ వెనక కొక్కేల మీద గోళ్ళు పెట్టి లాగాడు. తను బిగించిన కొక్కేలు. కదల్లేదు. స్క్రూడ్రైవర్ గేటు దగ్గర ఉంది. పోయి రావడానికి ఐదు నిమిషాలు. వెనక జేబులో కత్తెర ఉంది.

సరిగ్గా అప్పుడే డాక్టరు వంగి, కవచం మీద వేలితో రాసి, మైకులో అన్నాడు: "ఎవరండీ ఇది చేసింది? అతుకు ఎక్కడుందో తెలియట్లేదు! ఇలాంటి పని నేను చూడలేదు." హాలంతా చప్పట్లు. ఇరవై రెండేళ్ళుగా మేస్త్రీ విందామనుకున్న మాటలు, అవే, ఆ వరసలోనే.

పలక లోపలివైపునుంచి చిన్న ముక్కు ఒకటి ఆవిరిలో గీత గీసింది. ఆ గీతలోంచి ఒక కన్ను కనబడింది.

మేస్త్రీ కత్తెర తీశాడు. మెడ పట్టీ దగ్గర మొదలుపెట్టి, అతుకు కనబడని చోటే, ఛాతీ దాకా పరపరా కోసేశాడు. రేకు కోసిన చప్పుడుకు డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. తన కుర్చీలో కూర్చున్న రోగులకు తన చేతిలోని పరికరం ఎలా కనబడుతుందో ఆయనకు అప్పుడే తెలిసింది.

చెమటతో తడిసిన తల బయటికొచ్చింది. పిచ్చుక మైకు ముందు హాలంతా దద్దరిల్లేలా ఊపిరి పీల్చింది. తండ్రి వంక ఒకసారి చురుగ్గా చూసి, జనం వైపు తిరిగి, చెప్పాల్సిన వాక్యం చెప్పింది.

"మా గ్రహంలో గాలి లేదు. మీ దగ్గర ఉంది కదా, జాగ్రత్తగా చూసుకోండి."

హాలు లేచి నిలబడింది. ఇంతకుముందు కొట్టిన చప్పట్లు దీనిముందు చప్పట్లే కావు. ఊపిరాడనట్టు ఎంత బాగా నటించింది అని ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది.

మొదటి కప్పు బావమరిది కొడుక్కి వచ్చింది. స్వయంకృషికి. గుండె మీద లైట్లు తిరుగుతుండగా వాడు అందుకున్నాడు. పిచ్చుకను పోటీనుంచి తొలగించారు.

"అందరూ చూస్తుండగా ఫాదర్ స్టేజీ ఎక్కి హెల్ప్ చేశారు కదండీ" అంది క్లాసు టీచరు నొచ్చుకుంటూ. "రూల్ రూలే."

అలా ముప్పై ఆరుగురు పిల్లల్లో పెద్దల సహాయం పొందిన ఏకైక విద్యార్థిగా పిచ్చుక బడి రికార్డుకెక్కింది.

ఇంటికి వచ్చాక భార్య నీళ్ళ గ్లాసు అందిస్తూ, "బాత్రూం సంగతి అడిగాను, ఊపిరి సంగతి అడిగాను" అని మాత్రం అంది.

"అడిగావు" అన్నాడు.

వారం తర్వాత ఆదివారం పొద్దున పిచ్చుక చీలిన కవచాన్ని ఈడ్చుకుంటూ ఇంటి వెనక ఉన్న తండ్రి వర్క్‌షాపుకు వచ్చింది.

"అతుకు నాన్నా. వీధిలో ఆడుకోవాలి."

అతను కోసిన చోట లోపల పట్టీ వేసి రివెట్లు కొట్టాడు. ఈసారి అతుకు బాగా కనబడింది. కొక్కేలు పీకేసి, లోపలినుంచి వేలితో తీసుకునేలా గుడ్డ పట్టీ పెట్టాడు. అలవాటు చొప్పున సీలెంటు డబ్బా మూత తీశాడు.

"అది వద్దు" అంది పిచ్చుక. "మేకు, సుత్తి ఇవ్వు. చిల్లులు నేను కొడతా."

"చిల్లులా?"

"ఇప్పుడు గాలి ఉన్న గ్రహానికి వచ్చేశాగా."

అది హెల్మెట్‌కు చిల్లులు కొట్టింది. ఛాతీకి కొట్టింది. వీపుకు కొట్టింది. వరస లేదు, కొలత లేదు. ఒక్కో దెబ్బకు మేస్త్రీ కళ్ళు మూసుకుని తెరిచాడు. ఎవరి సహాయమూ లేకుండా కవచంలో పిచ్చుక స్వయంగా చేసిన పని అదే.

అయ్యాక తండ్రి చొక్కా జేబులో చేయి పెట్టి సిగరెట్ పెట్టె తీసి ఇచ్చింది. "పరీక్ష చెయ్యి."

అతను సిగరెట్ వెలిగించి ఖాళీ కవచంలో పెట్టి మూశాడు. తల్లి చూస్తుందేమోనని ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. తర్వాత కవచం అన్ని వైపులనుంచీ పొగలు కక్కింది, ఆవిరి ఇంజనులా.

"అన్నీ లీకులే!" అని పిచ్చుక గంతులు వేసింది.

మేస్త్రీ చాలాసేపు చూశాడు. చేయి ఒకటికి రెండుసార్లు డబ్బా మీదికి పోయింది. చివరికి సీలెంటు డబ్బాకు మూత బిగించి పక్కన పెట్టాడు.

"పాసైంది" అన్నాడు.