నిప్పుకి ముల్లు లేదన్న అత్త

పక్కింటి అత్త పోయింది. మొన్న పొద్దున, ఎండ ఇంకా మా వీధిలోకి దిగకముందే, అమ్మ వచ్చి నన్ను తట్టి లేపింది. "లెయ్ రా, అత్త పొయ్యింది," అంది. గుండె ఆగిందంట. కోడలు కాఫీ తీసుకొని వెనక కొట్టులోకి పోతే, గాలి నింపే కంప్రెసర్ పక్కన బోర్లించిన పెయింటు డబ్బా మీద, గోడకి తల ఆనించి కూర్చొని ఉందంట. కునుకు తీస్తోంది అనుకుందంట కోడలు.

అమ్మ ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఆ ఏడుపు వెనకనుంచి నాకు వేరే ఒకటి వినిపిస్తోంది. అత్త ఇంట్లో మోటారు ఇంకా తిరుగుతోంది.

దిగ్గున లేచాను. ఎందుకో చెప్పాలంటే అత్త ఎవరో ముందు చెప్పాలి.

కోవిల్‌పట్టిలో మా వీధివాళ్ళకి గ్రైండరు ఆగినా, కుట్టు మిషను బిగుసుకున్నా, మోటారు నట్టు తుప్పు పట్టి కదలకపోయినా అత్త గడపే దిక్కు. మామకి ఒకప్పుడు లారీ టైర్ల కొట్టు ఉండేది. మామ పోయినాక టైర్లు పోయినాయి, గాలి ట్యాంకూ, ఆ గాలితో నట్లు విప్పే గన్నూ మిగిలినాయి. వాటితోనే అత్త ఇళ్ళలో మిషన్లు చూడడం మొదలుపెట్టింది. ఆడమనిషి గన్ను పట్టిందని నవ్వేవాళ్ళకి ఒకటే జవాబు: "నవ్వడం అయినాక గ్రైండరు ఈడ పెట్టి పో."

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ధైర్యవంతులని రాయడం మనకి అలవాటు. నేను అబద్ధం రాయను. మా అత్తంత భయపడే మనిషిని నేను చూడలేదు. పొద్దు గూకేలోపల ట్యాంకు కింద మర విప్పి, లోపల చేరిన తుప్పు నీళ్ళు వదలాల్సిందే. వారానికొకసారి సేఫ్టీ వాల్వు రింగు లాగి, అది బుస్సుమంటేనే ఆమెకి అన్నం దిగేది. మోటారు వేసినంతసేపూ డబ్బా మీద కూర్చొని, గాలి ఎంత నిండిందో చూపే మీటరు ముల్లునే చూసేది. పలకరిస్తే పలికేది కాదు. గీత దాటితే ట్యాంకు పేలుతుందని, ముల్లు ఎర్రగీత దగ్గరికి రాగానే తన చేత్తో స్విచ్చి ఆపేది.

తన చేత్తో ఎందుకంటే, దానంతట అది ఆపే ఆటోమేటిక్ స్విచ్చి ఎప్పుడో చచ్చిపోయింది. మార్పించమని ఎంత పోట్లాడానో. "అదే ఆపుతాది అనుకుంటే మనిసి పనుకుంటాడు. పనుకుంటే సస్తాడు," అనేది. ఈ ఒక్క విషయంలో అత్తది తప్పు. ఆమె ఉండగా ఆమె మొహం మీదే అన్నాను. ఇప్పుడూ అంటున్నాను.

నేను బడిలో చదివింది తక్కువ. టీ కొట్టు దగ్గర, మీటింగుల దగ్గర పంచే చిన్న పుస్తకాల్లో చదివింది ఎక్కువ. అవి అరవంలో ఉంటాయి. తెలుగు అక్షరాలు పట్టుదలకి నేర్చుకున్నాను. ఆ పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన మాట, భయమే బానిసకి మొదటి సంకెల అని. దాన్ని అత్తకి చదివి వినిపిస్తే ఆమె అడిగింది: "అది రాసినోడు పట్టాసులు సేసే ఇంట్లో ఒక్క దినమన్నా పనుకున్నాడా?"

విరుదునగర్‌లో బ్యాటరీ గన్ను కొనుక్కొని, బస్సు దిగి నేరుగా అత్త దగ్గరికే పోయాను. "ట్యూబు లేదు, ట్యాంకు లేదు, కరెంటు పోయినా పని ఆగదు. పనిచేసేవాడికి స్వేచ్ఛ అత్తా ఇది!" అన్నాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"స్వేచ్చ బాగుండాది అల్లుడా. దీనికి దినామూ కూడు పెట్టల్ల గదా?"

ఛార్జింగు గురించి ఆమె వెటకారం అది. అయినా పైన ఫ్యాను విప్పాల్సి వస్తే, "ట్యూబు ఈడ్సుకోని నిచ్చెన ఎక్కలేను, నీ గిలక్కాయ ఇయ్యి," అని నా చేతిలోంచి లాక్కొనేది. తుప్పు పట్టిన నట్టు దగ్గర నా గన్ను వేడెక్కి మూలుగుతుంటే, "ఏడుస్తుండాది, ఎత్తుకో," అని తన గాలి గన్ను తెచ్చి రెండు విసుర్లలో విప్పేది. మేమిద్దరం ఇట్లా పోట్లాడుకుంటూనే ఊరి మిషన్లన్నీ బాగుచేశాం.

ఒక్క చోటికి మాత్రం బ్యాటరీది రానిచ్చేది కాదు. పట్టాసు పని, అంటే టపాకాయలు చేసే పని జరిగే ఇళ్ళకి.

అత్త పుట్టిల్లు ఏళాయిరంపన్నై. చిన్నప్పుడు ఆ ఊళ్ళో ఒక పట్టాసు షెడ్డు పేలిపోవడం చూసిందంట. ఏం చూసిందో చెప్పేది కాదు. దీపావళి నాడు మాత్రం తలుపులు బిగించుకొని, చెవుల్లో దూది పెట్టుకొని, వెలుగు కూడా కనపడకుండా గోడవైపు తిరిగి కూర్చొనేది.

ఒకసారి ఆ ఊరినుంచే ఒక అక్క పిలిచింది. గ్రైండరు కింద నట్టు కదలడం లేదంది. అత్త ఇంటి దగ్గరే ట్యాంకు నిండా గాలి నింపి, మోటారు విప్పి పక్కన పెట్టి, ట్యాంకు ఒక్కటే లోడు బండిలో ఎక్కించింది. బండిని వీధి చివరే ఆపించింది. నా బ్యాటరీ గన్ను, ఇద్దరి ఫోన్లు బండిలోనే పెట్టించింది. అక్కడినుంచి పొడుగు ట్యూబు లాక్కుంటూ నడిచాం.

లోపలికి పోతే, గ్రైండరు ఉన్న గదిలోనే గోడ పొడుగునా తిరి ఆరబెట్టి ఉంది. పట్టాసులకి పెట్టే మందు వత్తి అది. నేల మీద నల్లటి పొడి. పక్కన చంటిబిడ్డ ఉయ్యాల. "ఇది ఇంట్లో చెయ్యమని ఎవరు ఇచ్చినారు? వాళ్ళ ఇంట్లో ఆరబెట్టుకుంటారా వాళ్ళు?" అని అరిచాను. అత్త నా చెయ్యి గిల్లింది.

"నట్టు ఇప్పను వస్తిమి, నోరు ఇప్పను కాదు."

బిడ్డని బయటికి పంపింది. నేల మీద నీళ్ళు చల్లింది, పొడి కనపడనంతగా. అప్పుడుగానీ గన్ను పట్టలేదు. పట్టినాక చూశాను, ఆమె చేతులు వణుకుతున్నాయి. దాచుకోలేదు. నట్టు ఊడి వచ్చేదాకా అట్లా వణుకుతూనే పట్టుకొని ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు, నా గన్నుతో అయితే ఎప్పుడో అయిపోయేది అన్నాను. అత్త బండిలోంచి నా గన్ను తీసింది. ఎండ తగలకుండా కొంగు కప్పి, మీట నొక్కి, పక్కనున్న చిల్లుల్లోంచి చూడమంది. లోపల తిరిగేచోట సన్నగా నీలం రవ్వలు.

"నిప్పుకి ముల్లు లేదు అల్లుడా. ఎంత దగ్గిరికి వచ్చిందో ఎవురికీ తెలీదు. గాలికి ముల్లుండాది. సూసుకుంటా బయపడొచ్చు," అంది.

ఇంట్లో మిషన్లు చూసుకోడానికి ఏది కొనాలని అడిగేవాళ్ళకి నేనింకా బ్యాటరీదే చెబుతాను. ఫ్యానుకి, తలుపుకి, కుట్టు మిషనుకి అది చాలు. మందు వాసన వేసే గడప మాత్రం దానితో దాటకండి. అక్కడ గాలిదే, ట్యాంకు బయట పెట్టి. గాలిది కొంటే దానంతట అది ఆగే స్విచ్చి పనిచేస్తోందా అని చూసుకోండి. ఈ మాట రాస్తుంటే కూడా ఎక్కడో ఏదో మోటారు మోగుతోంది. అది ఆగేదాకా నాకు చెయ్యి ఆడడం లేదు.

ఆ పొద్దున నేను ఉరికాను. అత్తని ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఆమె తల వెనక గోడ. ఆ గోడకి అవతల ట్యాంకు. వచ్చిన ఆడవాళ్ళు ఆ గోడకే ఆనుకొని కూర్చొని ఏడుస్తున్నారు. మోటారు మోత ఆ వీధికి అలవాటు, ఎవరికీ పట్టలేదు.

"లేవండి! అందరూ వీధిలోకి పొండి! అత్తని కూడా ఎత్తండి!" అని అరిచాను.

వీధి పెద్దాయన లేచి నా మీదికి వచ్చాడు. "ఏమిరా, సావింట్లో కూడా మీటింగు పెడతావా? సిగ్గుండల్ల!"

అమ్మ నా చొక్కా పట్టుకొని వెనక్కి గుంజుతోంది. చొక్కా విడిపించుకొని అన్నాను: "మోటారు ఆగలేదు. ఆపే మనిషి ఇదిగో, పడుకొని ఉంది."

అప్పుడు విన్నారు. ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది, మోత ఒక్కటే మిగిలింది. పెద్దాయనే ముందు వంగి చాప అంచు పట్టుకున్నాడు. నలుగురు కలిసి అత్తని వీధిలోకి మోశారు.

వసారాలో కరెంటు పెట్టె తెరిచి ఫీజు పీకేశాను. మోటారు ఆగింది. కాని నిండిన గాలి ఎక్కడికి పోతుంది? ఎవరో ఒకరు లోపలికి పోయి విప్పాలి. "నువ్వు పోవద్దు రా," అంటోంది అమ్మ. నాకూ పోవాలని లేదు. గోడ పట్టుకొని పట్టుకొని కొట్టులోకి పోయాను. ముల్లు ఎర్రగీత దాటి, చివర ఇనప మేకుకి తగిలి వణుకుతోంది. సేఫ్టీ వాల్వు సన్నగా చీదుతోంది, దానికి చాలడం లేదు. ట్యాంకు పొట్ట మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చొని, కింది మర కొంచెం కొంచెంగా తిప్పాను.

తుప్పు నీళ్ళు నా కాళ్ళ మీద చిమ్మినాయి. ఆ వెనకే గాలి వచ్చింది. గదిలో దుమ్మంతా లేచింది. పారిపోవచ్చని తెలిసినా చెయ్యి మర మీదినుంచి రాలేదు. ఆ గాలంతా అత్త ఒక్కతే కూర్చొని నింపింది. పోవడానికి చాలాసేపు పట్టింది. గాలి మోత సన్నబడి, ఈలగా మారి, ఆ ఈల కూడా అయిపోయేదాకా, వీధిలో అత్త చుట్టూ నిలబడి అందరూ వింటూ ఉన్నారు.