కాక దున్ననివ్వని మిట్ట

మొన్న పొద్దున జగిత్యాల నుంచి కాక కొడుకు ఫోన్ చేశాడు. "నాయిన పోయిండన్నా. చాయ్ తాగి మంచంల ఒరిగిండు, గంతే." ఏడుపు వచ్చింది. దాని వెనకే గుండెల మీంచి బరువు దిగినట్టూ అయింది. ఆయనకు చెప్పాల్సిన మాట రెండు వారాల ముందే చెప్పేశాను. లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు మొహం ఉండేది కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. ఇక్కడ అరబ్బు దేశంలో, మదీనా అవతల, పశువుల మేతకు మొక్కజొన్న పండించే తోటలో దుక్కుల మేస్త్రీ. తెలుగువాళ్లందరికీ కాక. ఏ మడి దున్నాలన్నా ముందు చెప్పులు విడిచి అందులో నడిచేవాడు. పిడికెడు మన్ను తడిపి పిసికి చూసేవాడు. "ఏం గావాల్నో మన్నునే అడగాలెరా, మన ఊరి అలవాటును గాదు" అనేవాడు. వాదీ అనే ఎండు వాగు పక్క నేల నీళ్లు పెడితే అట్టకట్టేది. అక్కడ ఉలి నాగలితో లోతుగా చీల్పించేవాడు. మిట్ట మీది ఇసుక దుబ్బ నేలను మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. పాత పంట కొయ్యకాళ్ల నడుమే విత్తనం వేయించేవాడు.

ఆయన కింద పనిచేసే నేను రేగడిలో పుట్టినవాణ్ని. దున్నని చేను కనిపిస్తే మా దగ్గర ఆ రైతును చూసి నలుగురూ నవ్వుతారు. ఆ కొయ్యకాళ్లు చూసినప్పుడల్లా నాకు సిగ్గేసేది. మూడేళ్ల కిందట, కాక కళ్లు చూపించుకోవడానికి మదీనా వెళ్లిన రోజున, సగం మిట్టను లోతుగా దున్నేశాను. వచ్చి మెచ్చుకుంటాడనుకున్నాను, నా తెలివి అంత. ఆయన చూసి, రెండు సగాల్లోనూ విత్తనం వేయించాడు. మొలకలు వచ్చిన వారానికే గాలి లేచింది. నేను దున్నిన సగంలో ఎగిరిన ఇసుక మొలకలను కోసిపారేసింది. కొయ్యకాళ్లున్న సగం పచ్చగా నిలిచింది.

ముదీర్ అని మేం పిలిచే మా మేనేజర్ మండిపడ్డాడు. "మైనే బోలా, సాబ్" అంటూ కాక ముందుకొచ్చాడు. రెండు పద్ధతులూ పోల్చి చూద్దామని తనే దున్నించానన్నాడు. ఆ ఏడు ఆయన సెలవు రద్దయింది. కొత్తగా పుట్టిన మనవరాలిని చూడలేకపోయాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. ఆ తర్వాత ఒకే గదిలో ఉన్నాం, కలిసి వండుకు తిన్నాం, అయినా తప్పయిందని అనలేకపోయాను. నిరుడు ఆయన దుక్కుల పని నాకప్పజెప్పి, ఎగ్జిట్ తీసుకుని శాశ్వతంగా ఇంటికి వెళ్తుంటే పెట్టె మోశాను గానీ ఆ మాట రాలేదు.

చివరికి ఫోన్లో అన్నాను. "కాకా, నీ సెలవు నా వల్లనే పోయింది. తప్పైంది."

కాక నవ్వాడు. "నేనొచ్చిన కొత్తల గదే మిట్ట నేను గూడ దున్నిన్రా. నా మొలకలు గూడ గట్లనే పోయినయ్. నిన్ను జూస్తే కోపం రాలే, నేనే యాదికొచ్చిన. కొయ్యలు పీకనిస్తలేవు గదా?"

"లేదు కాకా."

"గంతే సాలు."

అంతలో మనవరాలు ఫోన్ గుంజుకుంది. తాతా మనవరాళ్ల నవ్వు వింటూ కూర్చున్నాను. మూడేళ్ల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

నిన్న మళ్లీ గాలి లేచింది. మిట్ట మీదికి వెళ్లి చెప్పులు విడిచి నిలబడ్డాను. ఇసుక కొయ్యకాళ్లకు తగిలి అక్కడే రాలిపోతోంది. వాటి చాటున రెండాకుల మొలకలు కదలకుండా ఉన్నాయి.